బండి కడిగే నీళ్ళకు లెక్క ఉండాలి



ఈరోజు బండి కడగడం గురించి మాట్లాడదలచుకున్నాను. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. బేస్తవారిపేటలో రోడ్డు పక్కన ఒక గంట నిలబడి చూడండి. ఒంగోలు నుంచి పొదిలి మీదుగా గిద్దలూరు, నంద్యాల వైపు పోయే బస్సులు, లారీలు. కంభం వెళ్ళొచ్చే ఆటోలు. మిరపకాయ బస్తాలు వేసుకొచ్చే బొలెరోలు, ట్రాక్టర్లు. పెళ్ళిళ్ళ కాలమైతే వరసగా కార్లు. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో కార్లుంటే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వీధికి రెండు మూడు కనిపిస్తున్నాయి. బండ్లు పెరిగాయి, వాటిని కడగడానికి పారబోసే నీళ్ళూ పెరిగాయి. మన భూమిలో నీళ్ళు మాత్రం పెరగలేదు.

నగరాల్లో ఆటోమేటిక్ కార్ వాష్‌లు వచ్చాయి. కారు లోపలికి పోతే చాలు, యంత్రమే తడిపి, నురగ పట్టించి, రుద్ది, కడిగి, గాలితో ఆరబెట్టి బయటికి పంపుతుంది. అవి డబ్బున్నవాళ్ళ సోకు అని చాలామంది అభిప్రాయం. నా అభిప్రాయం వేరు. నీళ్ళకు కటకటలాడే పశ్చిమ ప్రకాశం లాంటి ప్రాంతానికే ఆ యంత్రం వెనక ఉన్న పద్ధతి ఎక్కువ అవసరం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు మన ఇంటి ముందు జరిగేది చూద్దాం. సెలవు రోజు పొద్దున్నే బోరు మోటారు వేస్తాం. పైపు కొసన బొటనవేలు అడ్డం పెట్టి కారు మీద నీళ్ళు చిమ్ముతాం. షాంపూ కలిపేటప్పుడు పైపు కింద పడేస్తాం. గుడ్డ పెట్టి రుద్దేటప్పుడూ అది కిందే ఉంటుంది, నీళ్ళు పోతూనే ఉంటాయి. ఎవరో పలకరిస్తారు, నాలుగు మాటలు మాట్లాడతాం, అప్పుడూ పోతూనే ఉంటాయి. ఆ నీళ్ళు వాకిలి దాటి, రోడ్డు మీద ఒక చారగా పారి, సైడు కాలవలో పడతాయి.

ఎన్ని నీళ్ళు పోయాయో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మనం తాగే నీళ్ళకు కొనుక్కునే 20 లీటర్ల క్యాను ఉంటుంది కదా, దాన్ని మీ పైపు కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. ఒక్క నిమిషంలో నిండిందనుకుందాం. అరగంట సేపు పైపు వదిలేస్తే 600 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు మూడు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని జల్ జీవన్ మిషన్ లెక్క పెట్టుకుంది. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి, గుడ్డలు ఉతుక్కోవడానికి, అన్నిటికీ కలిపి ఆ 55 లీటర్లే. ఆ లెక్కన ఒక కారు ఒక్క పూట తాగేసిన నీళ్ళు దాదాపు 11 మందికి ఒక రోజు సరిపోయే నీళ్ళు.

ఈ లెక్క గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు అంత గట్టిగా తగలకపోవచ్చు. మనకు తగలాలి. మార్కాపురం, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఆ హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. అందుకే వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ ప్రాంతం ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టి.ఎం.సి.ల కృష్ణా వరద నీటిని తెచ్చుకోవడానికి నల్లమల కొండల కడుపులోంచి ఒక్కోటి 18 కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాలు తవ్వారు. కొండను తొలిచి తెచ్చుకోవలసిన నీళ్ళను వాకిట్లో పారబోసే హక్కు మనకు ఉందా అని ప్రతి ఒక్కరం ఆలోచించాలి.

ఇప్పుడు యంత్రం సంగతికి వద్దాం. కార్లు కడగడం ఒక వ్యాపారంగా మొదలైనప్పుడు నీళ్ళు ఆదా చేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో కారును చేత్తో నెట్టుకుంటూ, ఒక మనిషి సబ్బు పూస్తే ఇంకో మనిషి కడుగుతూ, మరో మనిషి తుడుస్తూ పని పంచుకున్నారు. 1951లో సియాటిల్‌లో ఆండర్సన్ సోదరులు మనిషి చెయ్యి పడకుండా కారు వరసలో కదులుతూ శుభ్రమయ్యే ఏర్పాటు చేశారు. 1962లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇద్దరు, కారు కదలకుండా ఉంటే బ్రష్షులే దాని చుట్టూ తిరిగే యంత్రానికి పేటెంట్ కోరారు. మన నగరాల్లో కొన్నిచోట్ల కనిపించే ద్వారంలాంటి యంత్రం ఈ కోవకు చెందినదే. అప్పట్లో అందరూ చూసుకున్నది వేగం. నీటి విలువ తర్వాత తెలిసొచ్చింది.

యంత్రానికి ఉన్న మొదటి గుణం, దాని నీళ్ళకు లెక్క ఉంటుంది. ముందు సన్నటి తుంపరతో దుమ్మును నానబెడుతుంది. తర్వాత నురగ. నురగ పట్టించేటప్పుడు నీళ్ళ వాల్వు మూసుకునే ఉంటుంది. బ్రష్షులు తిరిగేటప్పుడు కావలసినంతే వదులుతుంది. చివర కడిగేటప్పుడు ఇన్ని సెకన్లు అని పెట్టి ఉంటుంది, ఆ సెకన్లు కాగానే ఆగిపోతుంది. మనిషి మాటల్లో పడితే చేతిలోని పైపును మరిచిపోతాడు, యంత్రం మరిచిపోదు. అమెరికాలో కార్ వాష్ యజమానుల సంఘం నీళ్ళు పొదుపు చేసే కేంద్రాలకు ఒక గుర్తింపు ఇస్తుంది. ఒక్కో కారుకు వాడే కొత్త నీరు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు దాటకూడదని అందులో షరతు. మన ఇంటి ముందు పోయిన 600 లీటర్ల పక్కన దీన్ని పెట్టి చూడండి.

రెండో గుణం ఇంకా పెద్దది. యంత్రం వాడిన నీళ్ళను వదిలిపెట్టదు. కారు కింద జాలీ ఉంటుంది, మురికి నీళ్ళన్నీ దాంట్లోంచి గుంతలోకి దిగుతాయి. మొదటి గదిలో ఇసుక, మట్టి అడుక్కి చేరతాయి. రెండో గదిలో నూనె, గ్రీజు పైకి తేలతాయి. తేలినదాన్ని అక్కడే ఆపి, కింది భాగంలోని నీటినే పైపు ద్వారా మూడో గదికి పంపుతారు. అక్కడ ఇసుక వడపోత, కొన్నిచోట్ల వాసన పట్టకుండా గాలి ఊదే ఏర్పాటు. ఇలా తేటపడిన నీళ్ళు మళ్ళీ మొదటి తడుపుకు, చక్రాలకు, కారు అడుగు భాగానికి వస్తాయి. చివరి కడుగుకు మాత్రమే కొత్త నీళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలో పోసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. ఒక పనికి వాడిన నీళ్ళు ఇంకో పనికి పనికొస్తాయన్న తెలివి మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ పద్ధతి మన దేశంలో పని చేస్తుందా అని అనుమానం ఉంటే రైల్వే వైపు చూడండి. భారతీయ రైల్వే తన కోచింగ్ డిపోల్లో ఆటోమేటిక్ కోచ్ వాషింగ్ ప్లాంట్లు పెడుతూ వస్తోంది. రైలు మెల్లగా ఆ ప్లాంటు మధ్యలోంచి నడుస్తుంది. రెండు వైపులా నిలువు బ్రష్షులు తిరుగుతుంటాయి. 24 పెట్టెల రైలు బయటి భాగం పది నిమిషాల్లోపే శుభ్రమవుతుంది. వాడిన నీటిలో సుమారు 80 శాతాన్ని శుద్ధి చేసి మళ్ళీ వాడతామని, 20 శాతం మాత్రమే కొత్త నీరని రైల్వే చెబుతోంది. గుంటూరు, గుంతకల్లు లైనులో మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్ల మీదుగా రోజూ రైళ్ళు పోతుంటాయి. అంత పెద్ద రైలుకు కుదిరిన పని మన కార్లకు, జీపులకు ఎందుకు కుదరదు?

మూడో సంగతి మురికి. బండి మీద నుంచి దిగేది మట్టి ఒక్కటే అనుకుంటాం. ఇంజిన్ నూనె చుక్కలు, డీజిల్ మసి, గ్రీజు, బ్రేకులు అరిగి రాలిన లోహపు పొడి, పురుగుమందు డబ్బాలు మోసిన బండైతే వాటి మరకలు, వీటన్నిటికీ తోడు మనం వాడిన సబ్బు. ఇవన్నీ ఇంటి ముందు కాలవలో పడి, వానొచ్చినప్పుడు కొట్టుకుపోయి, వాగు చేరతాయి. మన ప్రాంతపు వాగులు చాలావరకు గుండ్లకమ్మలో కలిసేవే. కొంతమంది ఆటోలను, ట్రాక్టర్లను, లారీలను నేరుగా చెరువులోకే దింపి కడుగుతారు. నీళ్ళ మీద ఏడు రంగుల్లో పరుచుకునే ఆ పలచటి పొర ఏమిటో మనందరికీ తెలుసు. అదే చెరువులో పశువులు తాగుతాయి, చేపలు పెరుగుతాయి. కంభం చెరువును మన పెద్దలు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసి కట్టారు. దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా ఒక అంతర్జాతీయ సంస్థ 2020లో గుర్తించింది. అలాంటి చెరువులు కట్టిన వారి మనవలం నీళ్ళలో నూనె కలపకూడదు. జర్మనీలో చాలా ఊళ్ళు ఇంటి ముందు కారు కడగడాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే, భూగర్భ జలం చెడిపోతుందన్న భయం.

ఇక బండికి జరిగే మేలు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు నీళ్ళు. ఎండలో కాలిన బానెట్ మీద ఆ నీళ్ళు పోసి వదిలేస్తే ఆరీ ఆరగానే తెల్లటి చుక్కలు తేలతాయి. అవి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పదే పదే అలా జరిగితే ఆ మరకలు రంగు మీద గట్టిపడి, ఎంత తుడిచినా పోవు. మంచి ఆటోమేటిక్ కేంద్రాల్లో చివరి కడుగుకు ఉప్పు తీసేసిన నీళ్ళు వాడి, వెంటనే గాలితో ఆరబెడతారు. అందుకే మరక నిలవదు.

ఇంటి దగ్గర ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. మొదట చక్రం రుద్దిన గుడ్డతోనే తలుపు రుద్దుతాం. అందులో ఇరుక్కున్న ఇసుక రేణువు రంగు మీద గీతలు పెడుతుంది. ఎండలో పక్కనుంచి చూస్తే సాలెగూడులా కనిపించే సన్న గీతలు అలా వచ్చినవే. యంత్రం ముందు నీళ్ళ ఒత్తిడితో ఇసుకను దింపేశాకే బ్రష్షు తాకిస్తుంది. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ దిగి నంద్యాల వెళ్ళొచ్చిన బండికి, వానాకాలంలో నల్లరేగడి దారిలో పొలం పోయొచ్చిన బండికి చక్రాల పై గూళ్ళలో, అడుగు భాగంలో బురద మెత్తుకుపోతుంది. అది తేమను పట్టి ఉంచి ఇనుము తుప్పు పట్టిస్తుంది. వంగి చూసి పైపు పెట్టినా మనకు అందని చోటు అది. యంత్రంలో కింద నుంచి పైకి కొట్టే నాజిళ్ళు ఆ పని చేస్తాయి.

పనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. మన రోడ్ల పక్క వాటర్ సర్వీసింగ్ షెడ్లలో పిల్లలు, అవును, కొన్నిచోట్ల మీసం కూడా రాని కుర్రాళ్ళు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడి బట్టలతో నిలబడతారు. సబ్బుకు, డీజిల్‌కు చేతులు పగులుతాయి. కాలి వేళ్ళ మధ్య పుండ్లు పడతాయి. తడి నేల మీదే కరెంటు పంపు వైరు పారుతూ ఉంటుంది. యంత్రం వస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టు అవుతుందని ఒక మాట ఉంది. అది కొట్టిపారేసే మాట కాదు. అయితే యంత్రం బయటి పని మాత్రమే చేస్తుంది. సీట్లు దులపాలి, లోపల వ్యాక్యూమ్ పట్టాలి, అద్దాలు తుడవాలి, గుంతలో చేరిన మట్టి తీయాలి, వడపోత చూసుకోవాలి. ఇవన్నీ మనిషి పనులే. పొడిగా నిలబడి, బూట్లు, చేతి తొడుగులు వేసుకుని చేసే పనులు. యజమాని మనసు పెడితే అదే కుర్రాడికి ఇంకా మంచి పని దొరుకుతుంది. చదువుకోవలసిన వయసు పిల్లలను మాత్రం ఏ షెడ్డులోనూ పనిలో పెట్టకూడదు.

యంత్రానికి ఇబ్బందులు లేవని నేను చెప్పను. ఖరీదు ఎక్కువ. రోజుకు చాలా బండ్లు వస్తే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. బ్రష్షులు మార్చకుండా ఏళ్ళు నడిపితే అవే గీతలు పెడతాయి. కరెంటు పోతే పని ఆగుతుంది. ట్రాక్టరుకు, ఎత్తుగా బస్తాలు కట్టిన బండికి అది సరిపోదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు శుద్ధి చేసే గుంత లేకుండా పెట్టిన యంత్రం ఈ ప్రాంతానికి మేలు చేయదు, బోరును ఇంకాస్త వేగంగా ఖాళీ చేస్తుంది.

అందుకే బేస్తవారిపేట లాంటి ఊరికి నా సూచన ఇది. పెద్ద పెట్టుబడి పెట్టి యంత్రం తేవడం ఈరోజే కుదరకపోవచ్చు. యంత్రం వెనకున్న మూడు పనులు మాత్రం ఈరోజే చేయవచ్చు. వాటర్ సర్వీసింగ్ షెడ్డు పెట్టుకున్న సోదరులు మొదటి డబ్బు పంపు మీద కాకుండా గుంత మీద పెట్టాలి. మూడు గదుల గుంతకు ఇటుక, సిమెంటు, రెండు పైపు వంపులు, కాస్త ఇసుక, కంకర చాలు. మన ఊరి మేస్త్రీ కట్టగలడు. పైన తేలిన నూనెను తీసి డబ్బాలో పట్టి, పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వాలి. కాలవలో పోయకూడదు. రెండోది, నొక్కితేనే నీళ్ళు వచ్చే గన్ను వాడాలి. మూడోది, షెడ్డు పైకప్పు నీళ్ళు పట్టుకోవాలి. 100 చదరపు మీటర్ల రేకుల మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్లు వస్తాయి. పైగా వాన నీటిలో ఉప్పు ఉండదు. చివరి కడుగుకు ఇంతకన్నా మంచి నీళ్ళు బోరులో దొరకవు.

బండ్లున్న మనం చేయవలసిందీ ఉంది. దుమ్ము పడిన ప్రతిసారీ కడగాల్సిన పని లేదు. మెత్తటి పొడి బ్రష్షుతో దులిపితే చాలా రోజులు సరిపోతుంది. ఇంట్లోనే కడగాలంటే పైపు పక్కన పెట్టి రెండు బకెట్లు తీసుకోండి, ఒకటి సబ్బుకు, ఒకటి గుడ్డ జాడించడానికి. నీడలో, చెట్టు పాదుకు కాస్త దూరంగా కడగండి. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ధర అడిగినట్టే, కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని కూడా అడగండి. గిరాకీ అడిగితేనే యజమాని గుంత కడతాడు. దసరాకు బండి పూజ చేసుకుంటాం, గుమ్మడికాయ కొడతాం, నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ ఒక్క రోజు ఊళ్ళోని బండ్లన్నీ కడుగుతాం. ఆ రోజైనా చెరువులోకి బండి దింపకుండా ఉంటే మనం పూజించిన గంగమ్మకు మర్యాద ఇచ్చినవాళ్ళమవుతాం.

పంచాయతీలకూ ఒక విన్నపం. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటికి కరువు వచ్చినప్పుడు, తాగే నీళ్ళతో బండి కడిగితే 5,000 రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. అంత పెద్ద నగరానికి ఆ పరిస్థితి వచ్చాక గానీ ఆ నిబంధన రాలేదు. మనకు ఏటా వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే పల్లెలున్నాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లోనే వాల్టా చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. కుళాయి నీళ్ళతో బండ్లు కడగకూడదని, చెరువులో వాహనాలు దింపకూడదని గ్రామసభలో ఒక తీర్మానం చేసుకోవడానికి జరిమానాల దాకా పోనవసరం లేదు. కొత్తగా సర్వీసింగ్ షెడ్డు పెట్టేవారికి గుంత ఉంటేనే అనుమతి అని ఒక మాట అనుకుంటే చాలు. రేపు హైవేల మీద వాహనాలు ఇంకా పెరుగుతాయి. అప్పుడు ఈ దారిలో ఎవరైనా ఆటోమేటిక్ యంత్రం పెడితే, నీళ్ళను తిరిగి వాడుకునే ఏర్పాటుతో సహా పెట్టమని మొదటి రోజే అడగగలిగిన ఊరు మనదై ఉండాలి.

బండి శుభ్రంగా ఉండాలి, అందులో సందేహం లేదు. చెమటోడ్చి కొనుక్కున్న వస్తువు అది. ఇల్లు గడిచేది కూడా చాలామందికి దాని మీదే. ఆ శుభ్రానికి ఎన్ని నీళ్ళు పడతాయో కొలుచుకుని, వాడిన నీళ్ళను మళ్ళీ వాడుకుని, మురికిని మన దగ్గరే ఆపగలిగితే, పని చేసింది యంత్రమైనా మన చేతులైనా ఒకటే. ఈ వారం మీరు బండి కడిగే ముందు ఒక్కసారి ఆ 20 లీటర్ల క్యాను పైపు కింద పెట్టి చూడండి. వచ్చిన లెక్క ఇంట్లో పిల్లలకు చెప్పండి, పక్కింటివాళ్ళకు చెప్పండి.